గిత్తల గాడిలో ఎర్ర ఫైటర్

ఒంగోలులో ఆ చేపల కొట్టులోకి నేను చేపల కోసం వెళ్ళలేదు. బస్సుకి ఇంకా టైముంది, బయట నిలబడడానికి నీడ లేదు, కొట్టు తలుపు తీసి ఉంది. ఒకరి గుమ్మంలో పని లేకుండా నిలబడడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు కాబట్టి, కొనడానికొచ్చినవాడిలా అద్దాల తొట్లు చూస్తూ లోపలికి నడిచాను.

గోడవారన చెక్క మీద గాజు సీసాలు వరసగా ఉన్నాయి. సీసాకో చేప. సీసాకీ సీసాకీ మధ్య అట్టముక్క.

"మధ్యలో అట్టలెందుకండీ?" అన్నాను.

కొట్టతను ఒక అట్ట పైకి లాగాడు.

అప్పటిదాకా తడిగుడ్డ పేలికలా వేలాడుతున్న ఎర్రచేప ఒక్కసారిగా బిగిసింది. మొప్పల మూతలు రెండూ పక్కలకు లేచి, మెడ చుట్టూ నల్లపట్టీ కట్టినట్టు నిలబడ్డాయి. ముడుచుకుని ఉన్న తోక విసనకర్రలా తెరుచుకుని సగం చందమామంత అయింది. ఒళ్ళంతా పండుమిరప రంగు ఎక్కింది. పక్క సీసాలో నీలంచేప కూడా అలాగే విప్పింది. రెండింటికీ మధ్య రెండు గాజుగోడలున్నాయన్న సంగతి వాటికి పట్టలేదు. ఎర్రది దూకి ముక్కుతో గాజును పొడిచింది. మళ్ళీ పొడిచింది. బొటనవేలంత ఒళ్ళు! ఎక్కడ దాచుకుందో అంత కోపం!

"ఫైటర్ అండి. ఆ సీసా దాని ఇల్లనుకుంటది. ఇంకో మగది కనపడిందా, ఇక అంతే. రెండిటినీ ఒక్క తొట్లో వేస్తే ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి" అన్నాడు కొట్టతను, అట్ట మళ్ళీ దించుతూ.

"ఇంకోసారి తియ్యండి" అన్నాను.

అతను తీశాడు. నా వీపు దానంతటదే నిటారైంది. అలా ఒళ్ళు బిగించడం, మెడ పైకెత్తి ఎదుటివాణ్ణి కళ్ళతోనే తొయ్యడం నేను అంతకుముందు మా గిత్తల దగ్గర మాత్రమే చూశాను. కాడి భుజాన పడగానే మా పెద్దగిత్త మూపురం ఇలాగే లేచేది. బస్సు వెళ్ళిపోయింది. తరవాతి బస్సులో నేను నీళ్ళసంచీ ఒళ్ళో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా దాన్ని పైకెత్తుతూ ఊరికొచ్చాను.

"కొబ్బరినూనె తెమ్మంటే చేప తెచ్చారా?" అంది మా ఆవిడ. సంచీని వెలుగుకి పట్టి చూసి, "ఒక్కటేనా? పులుసులోకి కూడా రాదు" అంది.

"పులుసుకి కాదు. పందేనికి పనికొచ్చే జాతి."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. మా ఆవిడ నవ్వడం ఆపి నా ముఖం చూసింది. మా ఇంట్లో ఆ మాట విని చాలా ఏళ్ళయింది.

మాది బండలాగుడు పందేల ఇల్లు. ఈ పల్లపు నేలల్లో పత్తీ మిరపా అందరూ పండిస్తారు. గిత్తల్ని పెంచి పందేనికి దింపిన ఇళ్ళు కొన్నే. రాతిబండకు గొలుసు తగిలించి, మైకులో "ఫలానా వారి గిత్తలు" అని ఇంటిపేరు చదివితే, ఆ పేరు వెనకాల జనం ఒక్కసారిగా అరిచేవారు. చిన్నప్పుడు నాకు మా ఇంటిపేరు బడిలో కంటే మైకులోనే బాగా వినపడేది. తరవాత పొలాలు పోయాయి. ఎలా పోయాయో చెప్పుకోవడం మాకు అలవాటు లేదు. చివరి జత గిత్తల్ని కొన్నది మా ఊరివాళ్ళే, చీమకుర్తిలో గ్రానైటు క్వారీ పెట్టి పైకొచ్చిన ఇల్లు. వాళ్ళ నాన్నా మా నాన్నగారూ ఒకే బరిలో ఎదురెదురుగా జతలు దింపినవాళ్ళు. ఆ ఏడాది పందెంలో మా గిత్తలే బండ లాగాయి. మైకులో మాత్రం వాళ్ళ ఇంటిపేరు చదివారు. నాన్నగారు కంచె పక్కన నిలబడి చివరిదాకా చూశారు. ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అప్పటి నుంచీ గొడ్లసావిడి ఖాళీ. గిత్తలు మేత తిన్న రాతిగాడి మాత్రం అలాగే ఉంది. ఎర్రచేప సీసాను నేను ఆ గాడిలోనే పెట్టాను. సావిడిలో వెచ్చగా ఉంటుంది, గాలి కొట్టదు, చేపకి అదే కావాలట. పైగా ఇంకెక్కడ పెట్టాలో నాకు తోచనూ లేదు.

ఆ రోజుల్లో నేను ఎంత హుషారుగా ఉన్నానో ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పొంగుతుంది. తెల్లారగానే కాఫీ కూడా తాగకుండా సావిడికి వెళ్ళేవాణ్ణి. పెరట్లో బాదంచెట్టు ఎండుటాకు ఒకటి నీళ్ళలో వేస్తే చేప ఒంటికి మంచిదని కొట్టతను చెప్పాడు. వేశాను. నీళ్ళు టీ రంగుకి తిరిగాయి, చేప రంగు ఇంకా చిక్కబడింది. పాత కుడితితొట్టిలో వాననీళ్ళు నిలబెట్టి దోమపిల్లల్ని పట్టి వేసేవాణ్ణి. "ఊరంతా దోమల్ని చంపుకుంటుంటే ఈయన పెంచుతున్నారు" అని మా ఆవిడ పాలు పోసే ఆమెకు చెప్పింది. గిత్తలకు పెట్టినట్టు ఉడికించిన ఉలవ కూడా ఒకటి చిదిమి వేసి చూశాను. చేప నోట్లోకి తీసుకుంది, ఉమ్మేసింది, మళ్ళీ తీసుకుంది, ఈసారి దూరంగా ఉమ్మేసింది.

ఒక ఉదయం నీటి మీద నురగ కనపడింది. సబ్బేమైనా పడిందేమోనని చెంచాతో తీసేశాను. మర్నాటికి మళ్ళీ ఉంది. తీశాను. మళ్ళీ వచ్చింది. అప్పుడు కూర్చుని చూశాను. చేప పైకొచ్చి గాలి మింగుతోంది, ఆకు కిందకు వెళ్ళి బుడగలు వదులుతోంది, చెదిరినవాటిని నోటితో పట్టుకొచ్చి మళ్ళీ చోట పెడుతోంది. గూడు! ఆడచేప లేదు, గుడ్లు లేవు, కానీ ఇల్లు కడుతోంది. నేను రోజూ దాని ఇల్లు పీకుతున్నాను, అది రోజూ కట్టుకుంటోంది. "ఇలా రావే, చూడు!" అని కేక పెట్టాను. మా ఆవిడ ఏ పాము వచ్చిందోనని చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

ఒక్కటే ఉంటే దేని మీద రెక్క విప్పుతుందని, మళ్ళీ ఒంగోలు వెళ్ళి ఆ నీలందాన్ని కూడా తెచ్చాను. ఒకసారి సీసాలు కడిగేటప్పుడు పొరపాటున ఎర్రదాన్ని నీలందాని నీళ్ళలో వేశాను. మధ్యలో అట్ట తీస్తే ఎర్రది విప్పలేదు. రంగు వెలిసిపోయి, తల నుంచి తోక దాకా బూడిద రంగు చారలు పడి, అడుగుకి దిగిపోయింది. జబ్బు చేసిందని కంగారుపడి పాత నీళ్ళలో వేశాను. ఆకు కింద ఒక చుట్టు తిరిగింది. నాలుగు బుడగలు వదిలింది. ఇక చూడాలి, నీలందాని మీదికి సీసా పగిలేటట్టు దూకింది. ఎదుటివాడు వాడే, గాజు అదే. మారింది నీళ్ళే.

ఆ క్వారీ ఇంటాయన ఒక మధ్యాహ్నం మా సావిడి ముందు కారు ఆపాడు. వరసకి నాకు బావ అవుతాడు. ఎదురుపడితే మాట్లాడుకుంటాం గానీ, మా ఇంటికి రావడం తక్కువ.

"ఏంది బావా, గిత్తలు కట్టిన గాడిలో సీసాలు పెట్టావ్? సోడా కొట్టు పెడతన్నావా?"

"కూర్చో" అన్నాను. అట్ట తీశాను.

ఆయన కూర్చోలేదు. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నోరు తెరిచి చూశాడు. "ఓర్నాయనో! మెడ చూడు బావా, మెడ! మీ పెద్దగిత్తకి ఇట్టాగే వచ్చేది కోపం."

నేను అట్ట దించాను. ఆ పెద్దగిత్త వాళ్ళ కొట్టంలోనే పోయింది. ఆయనకూ అది గుర్తొచ్చినట్టుంది, గొంతు సవరించుకున్నాడు.

"గుంటూరులో వీటికి పోటీ పెడతన్నారంట. నల్లపాడు దగ్గర ఏదో ఫంక్షన్ హాల్లో. కొట్టుకోవడం కాదులే, పక్కపక్క అద్దాల్లో పెట్టి విప్పేది చూసి మార్కులేస్తారు. స్టేజీ, మైకు, అన్నీ ఉంటయ్యంట. నేనూ ఒకదాన్ని తెప్పించా, థాయిలాండ్ నుంచి, విమానంలో వచ్చింది. పెడతావా నా పక్కన?"

మైకు అన్న మాట తరవాత ఆయన చెప్పింది నాకు సరిగ్గా వినపడలేదు.

"పెడతాను" అన్నాను.

"చెల్లెమ్మా, విన్నావా? మీ ఆయన పందెం ఒప్పుకున్నాడు!" అని ఇంట్లోకి వినపడేలా అరిచి వెళ్ళాడు.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన పక్కన నిలబడి, మైకులో మా ఇంటిపేరు వినాలి. మా జీవి ముందు మా పేరు. షీల్డు వచ్చినా రాకపోయినా సరే. మా ఆవిడకి ఈ మాట చెప్పలేదు. చెప్పకుండానే ఆమెకు తెలుసు.

నాకు తెలిసిన తయారీ ఒక్కటే, గిత్తల తయారీ. రోజురోజుకీ బండ బరువు పెంచినట్టు, చేపకి రోజురోజుకీ అద్దం చూపించే సేపు పెంచాను. మా ఆవిడ బొట్టు పెట్టుకునే అద్దం గాడిలోకి వచ్చేసింది. చేప తన బొమ్మ మీదికి దూకేది, విప్పేది, నేను "శభాష్! ఇంకొకటి! ఇంకొకటి!" అని తొడ చరిచేవాణ్ణి. పరాయి కన్ను పడకుండా సీసా మీద గుడ్డ కప్పాను. సీసా మెడకు నల్లదారం కట్టాను. పందెం గిత్తలకు మా ఇంట్లో చేసినవన్నీ చేశాను.

ఒకనాడు గుడ్డ తీసి చూస్తే తోక అంచు చిరిగిపోయి ఉంది. సీసాలో గీసుకునే వస్తువేదీ లేదు. కాసేపటికి నా కళ్ళ ముందే చేప గిర్రున తిరిగి తన తోక తానే కొరికింది. ఎదుటివాడు ఎంత పొడిచినా కదలకుండా అక్కడే ఉంటే, ఆ కోపం ఎక్కడికి పోతుంది?

మా ఆవిడ వచ్చి అద్దం తీసుకుంది. "సోమవారం సోమవారం మామయ్యగారు గిత్తలకి కాడి కట్టనిచ్చేవారా?"

"లేదు."

"మరి దీనికి సోమవారం లేదా?"

ఆ అద్దం మళ్ళీ సావిడికి రాలేదు. గుడ్డా తీసేసింది. నల్లదారం మాత్రం ఉంచింది. చేపను దాని మానాన వదిలేస్తే ఆకు కింద తిరుగుతూ, బుడగలు పేర్చుకుంటూ, మెల్లగా కోలుకుంది. చిరిగిన చోట ముందు గాజులా పల్చటి అంచు వచ్చింది, తరవాత ఎరుపు పాకింది. ఆ ఎరుపు ఎంత దూరం వచ్చిందో చూడడానికి పొద్దున్నే పరుగెత్తడమే నా పని.

పోటీ రోజున బావ కారు పంపుతానన్నాడు. అక్కర్లేదన్నాను. వాళ్ళ బండిలో వాళ్ళ పక్కన పోటీకి వెళ్ళడమేమిటి? ఆర్టీసీ బస్సెక్కాం. సీసా నా ఒళ్ళో. మా ఆవిడ చేతిలో ఒక పెద్ద క్యాను.

"అందులో ఏమిటి?"

"సావిడిలో నీళ్ళు. ఆకుతో సహా. పరాయి ఊరి నీళ్ళు గిత్తలు ముట్టవని మీవాళ్ళు పందేలకి ఇంటి నుంచి నీళ్ళు మోయించేవారు కదా. ఇది మాత్రం గిత్త కాదా?" అంది ముఖంలో ఏమీ కనపడకుండా. అది వెక్కిరింపో కాదో తెలియలేదు. కానీ పద్ధతి పద్ధతే.

గుంటూరు దగ్గరపడేసరికి మిరప ఘాటుకి బస్సంతా దగ్గు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు రోడ్డు పక్కదాకా ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. నేను కండువా సీసా మూతి మీద అడ్డం పెట్టుకున్నాను.

ఫంక్షన్ హాల్లో పొడవాటి బల్లల మీద గాజుతొట్లు. నీలాలు, తెలుపులు, పసుపులు, రాగిరంగులు! ఇన్ని రకాలున్నాయని నాకు తెలియదు. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. నిర్వాహకుల తరఫున ఒకమ్మాయి వచ్చి, "అంకుల్, ఫిష్‌ని ఈ ట్యాంకులో వేసేయండి. నీళ్ళు మేమే పోశాం" అంది. అంకుల్ అన్నందుకు ఏమీ అనకుండా వేశాను. పక్క తొట్టి బావది. దాంట్లో తెల్లటి ఒంటి మీద కుంకుమ చల్లినట్టున్న చేప. నిజం చెప్పాలంటే అందమైనదే.

మధ్యలో అట్ట తీసి చూసుకోమన్నారు. తీశాను.

తెల్లది వెంటనే విప్పింది. మాది అడుగున మూలకి చేరింది. రెక్కలు ఒంటికి అతుక్కున్నాయి. ఎరుపు వెలిసిపోయి చారలు పడ్డాయి.

"ఏం బావా, మీ గిత్త పడుకుంది? బస్సు పడలేదా?" అన్నాడు బావ. ఎగతాళిగానే అన్నాడు. కానీ నా ముఖం చూశాక మళ్ళీ అనలేదు.

విప్పని చేపను లెక్కలోకే తీసుకోరని గోడ మీద రాసి ఉంది. అంటే మైకు లేదు, పేరు లేదు, ఏమీ లేదు. బావ ముందు పందెం ఒప్పుకుని, బరిలో కాలు పెట్టకుండా తిరిగి వెళ్ళడం. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"సీసాలు మారిన రోజు ఇలాగే కదండీ పడుకుంది?"

చారలు! అవే చారలు! జబ్బు కాదు, భయమూ కాదు. ఇది దాని ఇల్లు కాదు, అంతే. కాపాడుకోవడానికి ఏమీ లేనిచోట అది ఎందుకు విప్పాలి?

అడగడమంటే నాకు ప్రాణం మీదికి వస్తుంది. అయినా వెళ్ళాను. న్యాయనిర్ణేత ఒక లేడీ లెక్చరరు, కళ్ళజోడు తలమీదికి తోసుకుని వరస చివర తొట్ల దగ్గర ఉన్నారు.

"అమ్మా, మా ఇంటి నీళ్ళు పోసుకోవచ్చా?"

ఆవిడ క్యాను చూశారు. "బాదమాకు నీళ్ళా? పోసుకోవచ్చండీ, తప్పేం లేదు. కానీ ఆ నీళ్ళలో రంగు తెలియదు. రంగు మార్కులు వెయ్యలేను. ఆలోచించుకోండి. నేను ఈ చివర నుంచి మొదలుపెడుతున్నాను, మీ దగ్గరకి వచ్చేసరికి టైం పడుతుంది."

తేట నీళ్ళలో ఉంటే రంగు కనపడుతుంది, చేప విప్పదు. టీ నీళ్ళలో ఉంటే విప్పుతుంది, రంగు కనపడదు. మొదటి బహుమతి రంగు లేకుండా రాదు. ఎర్రచేపకి ఎరుపు మార్కులు వదులుకోవడం!

"పోసేద్దాం" అన్నాను.

మా ఆవిడ కొంగు బిగించి గ్లాసుతో పాత నీళ్ళు తోడింది. నేను ఇంటి నీళ్ళు అంచు వెంట జారేలా కొద్దికొద్దిగా పోశాను. "ఏందది, టీ కాస్తన్నావా బావా?" అన్నాడు ఆయన. చుట్టూ నవ్వారు. నవ్వనీ. చివరగా మా ఆవిడ ఆకును తీసి మూలన వేసింది. మధ్యలో అట్ట దించేశాం.

ఇక చూడడమే. చేప కదల్లేదు. న్యాయనిర్ణేత ఒక్కో తొట్టి దాటి వస్తున్నారు. చేప అడుగు నుంచి లేచింది. ఆకు చుట్టూ ఒకసారి తిరిగింది. ఆకు కిందకు దూరింది, ఇవతలికి వచ్చింది. పైకి వెళ్ళింది, గాలి మింగింది, ఆకు అంచున ఒక్క బుడగ వదిలింది.

"వేసింది!" అని అరిచాను. పక్కవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

"ఏం వేసింది?" అన్నాడు బావ.

"బుడగ!"

"బుడగా? బుడక్కేనా ఈ అరుపు?" అంటూనే ఆయనా వంగాడు. ఇంకొకటి వేసింది. ఇంకొకటి. చారలు చెరిగిపోయాయి. ఆకు కింద నీళ్ళు నెమ్మదిగా ఎర్రబడుతున్నట్టనిపించింది.

న్యాయనిర్ణేత వచ్చి అట్ట పైకి తీశారు.

చెప్పడానికి మాటలు లేవు! ఆకు కింద నుంచి బాణంలా వచ్చింది. మొప్పలు లేచాయి, తోక ఒక్కసారిగా తెరుచుకుంది, కొరుక్కున్న చోట కొత్తగా వచ్చిన అంచుతో సహా. టీ రంగు నీళ్ళలో ఆ ఎరుపు ఉత్త రంగులా లేదు, కొలిమిలో నిప్పులా ఉంది. గాజుకి ఎదురొచ్చి పక్కకి తిరిగి ఒళ్ళంతా చూపించింది. వెనక్కి వెళ్ళి ఆకు చూసుకుంది, మళ్ళీ వచ్చి పొడిచింది. అవతల తెల్లది కూడా విప్పింది, కాసేపు నిలబడింది. తరవాత దాని తోక వాలింది. మెల్లగా వెనక్కి జరిగింది. దాని తెల్లటి ఒంటి మీద సన్నటి చారలు రావడం నేను నా కళ్ళతో చూశాను.

"పోయింది! నాది పోయింది!" అని బావ తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. మరుక్షణం, "కొట్టరా ఎర్రోడా!" అని అరిచాడు. ఎవరి చేపో మరిచిపోయాడు.

న్యాయనిర్ణేత ఫోన్ లైటు వేసి చాలాసేపు చూశారు. "ఇల్లు కట్టుకుని కూర్చుందండీ ఇది. నేను వేలు పెట్టినా కరిచేట్టుంది" అని నవ్వుతూ రాసుకుని వెళ్ళారు.

బహుమతులు చదివేటప్పుడు నేను ముందువరసలో నిటారుగా కూర్చున్నాను. మైకు గరగరలాడింది. మొదటి బహుమతి అంటూ ఏదో ట్యాంకు నంబరు చదివారు. ఒక నీలంచేప తాలూకు కుర్రవాళ్ళు ఎగిరి గంతేశారు. రెండో బహుమతికి కూడా నంబరే చదివారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ చదివారు. నేను పేరు కోసం చూస్తున్నాను.

"మనదేనండీ!" అని మా ఆవిడ పొడిచింది.

"పేరు చదవలేదు కదా."

"ఇక్కడ పేర్లు చదవరట. ఎవరి చేపో తెలియకూడదని. మన తొట్టి మీద ఉన్నది ఆ నంబరే!"

వచ్చింది. రంగు మార్కులు లేకుండానే వచ్చింది. మైకులో మాత్రం ఒక అంకె. లేవబోయాను. ఈలోపు వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. బావ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. పందెంబరిలో మైకు పట్టుకునేవాళ్ళు సాగదీసినట్టే సాగదీసి, హాలంతా దద్దరిల్లేలా మా ఇంటిపేరు అరిచాడు. "...వారి గిత్తరా ఇది! చప్పట్లు కొట్టండయ్యా!"

గుంటూరు పిల్లలకి ఏమర్థమైందో గానీ హాలంతా చప్పట్లు మోగాయి. మంచి గొంతు ఆయనది. మైకుతో పని లేదు.

నేను వెనక్కి తిరగలేదు. అలాంటప్పుడు తిరిగితే ముఖం కనపడుతుంది. షీల్డు తీసుకుని వచ్చి, ఆయన కుర్చీ దగ్గర ఆగాను.

"దిగు బావా, కుర్చీ విరుగుద్ది" అన్నాను.

"విరిగితే విరగనీ" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ రోజు మైకులో మా పేరు చదివినప్పుడు మామయ్య కంచె పక్కనే నిలబడ్డాడు. నేను చూశాలే."

ఆయన క్యాను అందుకుని ముందు నడిచాడు. ఎటువైపు అని నేను అడగలేదు, ఆయన కారువైపే నడిచాం.

మా ఆవిడ డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక సీట్లో నేనూ ఆయనా, మా మధ్య రెండు సీసాలు. అట్టలు హాల్లోనే మరిచిపోయాం. బావ తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. కొంతదూరం పోయాక ఆ చెయ్యి కాస్త పక్కకి జరిపాడు. నేను అభ్యంతరం చెప్పలేదు. సొంత నీళ్ళు, సొంత సీసా. రెండూ ఒక్కసారే భగ్గుమన్నాయి.

"ముందు విప్పింది నాదే" అన్నాడు.

"నీది నీళ్ళు కదిలితే తోక ఊగింది. విప్పింది మాదే."

"నీకు కళ్ళజోడు మారాలి బావా. చెల్లెమ్మా, నువ్వు చెప్పు!"

"చెయ్యి అడ్డం పెట్టండి అన్నయ్యగారూ, అలిసిపోయాయి పాపం" అంది మా ఆవిడ వెనక్కి తిరగకుండా.

ఆయన చెయ్యి పెట్టాడు. చేపలు సర్దుకున్నాయి. ఒక గ్రానైటు లారీ హారన్ కొడుతూ మమ్మల్ని దాటిపోయింది. ఆ మోత తగ్గేదాకా ఆగి బావ నావైపు ఒంగి, మా ఆవిడకి వినపడకుండా, "ఇంకొక్కసారి" అన్నాడు.

"తియ్యి" అన్నాను.